రామచంద్రరావుకి అమ్మవారు పోసిన వారం

నారాయణగూడలో మ్యాచింగ్ సెంటర్ నడిపే రామచంద్రరావు నోట "లేదు" అన్న మాట విన్న ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఉండదు. ఎవరైనా చీర చెంగు చూపించి "ఈ రంగు జాకెట్ ముక్క ఉందా అండీ?" అని అడిగితే, ఉంటే తీసిస్తాడు. లేకపోతే దానికి దగ్గర రంగు తీసి, ఆమెతోపాటు బయట ఎండలోకి నడిచి, చెంగు పక్కన ముక్క పెట్టి, తల అటూ ఇటూ వంచి చూసి, "కుట్టాక కలిసిపోతుందండీ" అంటాడు. అదీ కుదరకపోతే "ఎల్లుండి స్టాకు వస్తుంది" అంటాడు. ఆ ఎల్లుండి ఎప్పటికీ రాదని కొట్లో పనిచేసే రేణుకకి తెలుసు, కొనేవాళ్ళకీ తెలుసు. అయినా ఎవరూ కోపగించుకోరు. కాదనిపించుకోకుండా వెనక్కి వెళ్ళడంలో ఒక సుఖం ఉంది.

అలాంటి మనిషికి, తలకి రంగు వేసుకోవడం మానేసిన ఈ వయసులో, జనాన్ని గుమ్మంలోంచే వెనక్కి పంపే ఉద్యోగం పడింది.

ఆయన భార్య బాలత్రిపురసుందరి స్కూల్లో హిందీ టీచరు. పోయిన ఏడాది ఆవిడకి రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయింది, కీమో మొదలైంది. వాంతులు ఉంటాయన్నారు, ఉన్నాయి. జుట్టు ఊడుతుందన్నారు, ఊడింది. చెప్పినవన్నీ చెప్పినట్టే జరిగితే మనిషి ఎలాగో సర్దుకుంటాడు. ఒక్క డోసు మిగిలిందనగా ఆవిడకి తెల్లకణాలు పడిపోయి, జ్వరం వచ్చి, ఆస్పత్రిలో పడుకోవాల్సి వచ్చింది. తేరుకుని ఇంటికొస్తే దగ్గు పట్టుకుంది. ఆ చివరి డోసు ఒకసారి వాయిదా పడింది. ఇంకోసారీ పడింది.

"వచ్చే గురువారం రక్తం బాగుంటే ఎక్కించేద్దాం," అంది డాక్టరమ్మ. "అప్పటిదాకా ఇంటికి ఎవర్నీ రానివ్వకండి. మీకూ నాకూ వచ్చే మామూలు జలుబు ఆవిడకి మామూలు కాదు."

"అలాగేనండీ," అన్నాడు రామచంద్రరావు. ఆయన అందరితోనూ అలాగేనండీ అంటాడు.

తిరిగొస్తుంటే ఆటోలో సుందరి కళ్ళు మూసుకుని, "ఇంకేం వద్దండీ. ఆ ఒక్కటీ ఎక్కించేసుకుని ఇంటికొచ్చి పడుకోవాలి. మళ్ళీ ఎప్పుడు అని ఎవరూ అడగకూడదు," అంది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఏదో ఒకటి చెయ్యాలని గట్టిగా అనుకున్నాడు.

వాళ్ళ ఇల్లు చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్‌లోకి దారితీసే సందులో, మొదటి అంతస్తు. అది ఎవరికీ దూరం కాదు. గుడికొచ్చినవాళ్ళకి దారిలోనే, లైబ్రరీకొచ్చినవాళ్ళకి దారిలోనే, క్రాస్‌రోడ్స్‌లో సినిమా టికెట్లు దొరక్క ఏం చెయ్యాలో తోచనివాళ్ళకి మరీ దారిలోనే. అందరూ యాపిల్స్ తెస్తారు. యాపిల్స్‌తోపాటు, ఇదే జబ్బు వచ్చిన ఇంకెవరిదో కథ తెస్తారు.

ఎదురింటి కిషన్ రావు అయితే తుమ్ములు కూడా తెచ్చాడు. రెవెన్యూ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, ప్రేమ ఎక్కువ. తిన్నగా లోపలికి వచ్చి సుందరి మంచం పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"ఏం పరేషాన్ గాకుర్రి చెల్లెమ్మా. మా బామ్మర్దికి గూడ గిదే బీమారి. ఎంత మంచిగ తిరిగిండు! పోయిన రోజు పొద్దుగాల గూడ చాయ్ తాగిండు."

అని, రుమాలు తీసేలోపే తుమ్మాడు. రామచంద్రరావు వణికిపోయాడు. వణుకుతూనే వెళ్ళి కాఫీ కలుపుకొచ్చాడు.

ఆయన్ని మెట్ల దాకా సాగనంపి వచ్చేసరికి సుందరి మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"ఏవండీ, నాకు తగ్గినవి తెల్లకణాలు. మీకేం తగ్గాయని నోరు పెగల్లేదు?"

"పెద్దాయన కదా సుందరీ. గుమ్మం దాకా వచ్చాక ఎలా..."

"గుమ్మం దాకా వచ్చినాయన మంచం దాకా వచ్చాడు. నాలుక చాపమనలేదు, అదొక్కటే తక్కువ."

మర్నాడు రామచంద్రరావు ఒక అట్టముక్క మీద 'పేషెంటు విశ్రాంతి తీసుకుంటున్నారు' అని రాసి తలుపుకి తగిలించాడు. వచ్చినవాళ్ళు అది చదివి, బెల్లు కొట్టి, "విశ్రాంతి బాగా దొరుకుతోందా?" అని అడిగారు.

ఆదివారం పొద్దున మందుల షాపు నుంచి వస్తుంటే, కరెంటు తీగలకి అడ్డం వస్తున్నాయని కొట్టేసిన వేపకొమ్మలు అశోక్ నగర్ మలుపులో కుప్పగా పడి ఉన్నాయి. రామచంద్రరావు వాటి పక్కనుంచి నడిచి వెళ్ళిపోయాడు. నాలుగడుగులు వేశాక ఆగాడు. తెనాలిలో తన చిన్నతనం గుర్తొచ్చింది. తనకి అమ్మవారు పోసినప్పుడు వాళ్ళమ్మ గుమ్మానికి వేపకొమ్మలు కట్టింది. అప్పుడు ఇంటి ముందుకి పిల్లీ రాలేదు. అప్పులవాడు సైతం వీధి మలుపులోంచే దణ్ణం పెట్టి పోయాడు. ఒక్కమాట అనక్కర్లేదు. అబద్ధం కూడా చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఆకులే చెప్పుకుంటాయి.

ఆకులు నిండుగా ఉన్న కొమ్మలు రెండు ఏరుకుని, గుడ్డసంచీలో దాచుకుని, దొంగలా మెట్లెక్కాడు. గ్రిల్ తలుపుకి ఇటొకటి అటొకటి కట్టి, చెప్పులు వదిలి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాడు. "తల్లీ, నిన్ను పిలవడం లేదు. నీ పేరు వాడుకుంటున్నాను, అంతే. గురువారం దాకా."

సుందరి మంచం వెనక గదిలో. ముందు తలుపు దగ్గరకి ఆవిడ వచ్చే ఓపిక లేదు. కాబట్టి ఆవిడకి తెలియదు.

సాయంత్రం కిషన్ రావు బొప్పాయి ఆకు రసం సీసాతో మెట్లెక్కాడు. రామచంద్రరావు కర్టెన్ చాటు నుంచి చూస్తున్నాడు. కిషన్ రావు కొమ్మలు చూశాడు. ఎక్కిన మెట్టు మీదే చెప్పులు విడిచి, రెండు చెంపలూ వేసుకుని, సీసా అక్కడే పెట్టి, వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి దిగిపోయాడు. రామచంద్రరావుకి పాపం అనిపించింది. ఆ పాపం అనిపించడంలోనే ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

చిక్కు సోమవారం పొద్దున, పనిమనిషి బుగ్గమ్మ రూపంలో వచ్చింది. గ్రిల్ బయటే నిలబడిపోయింది.

"అయ్యో సారూ! ఎవరికి? అమ్మకా?"

"కాదు కాదు," అన్నాడాయన కంగారుగా. సుందరికి అంటే ఊరంతా ఏడుస్తుంది. "నాకే."

బుగ్గమ్మ ఆయన మొహం వంక పట్టిపట్టి చూసింది. "ఒక్కటి గూడ కనిపిస్తలేదు?"

"లోపల."

"లోపలంటే?"

"బనీను కింద."

అంతే, బుగ్గమ్మ చీపురు పక్కన పెట్టి, కొంగు నడుముకి చుట్టి, ఆయనకే సాష్టాంగపడింది. "తల్లీ, సల్లగ జూడు తల్లీ!" రామచంద్రరావుకి ఏం చెయ్యాలో తెలియలేదు. దీవించబోయి, మానేసి, చివరికి ఆయన కూడా నమస్కారం పెట్టాడు. అమ్మవారు దిగి ఆయన ఒంటికి నీళ్ళు పోసుకునేదాకా ఇంట్లోకి అడుగు పెట్టనని చెప్పి బుగ్గమ్మ వెళ్ళిపోయింది. ఆ పూట నుంచి అంట్లు ఆయనే తోమాడు. "బుగ్గమ్మేదీ?" అని సుందరి అడిగితే "వాళ్ళూరెళ్ళింది" అన్నాడు. ఆకులు చెప్పుకుంటాయనుకున్నది తనే చెప్పాల్సి వస్తోందని అప్పటికే కొంచెం అనుమానం తగిలింది.

బుగ్గమ్మ మెట్లు దిగుతూనే కింద రామక్కకి చెప్పింది. గ్రౌండ్ ఫ్లోర్‌లో రామక్క మెస్సు నడుపుతుంది. ఊళ్ళ నుంచి వచ్చి, హాస్టళ్ళలో ఉండి, గ్రూప్స్ పరీక్షలకి చదువుకునే పిల్లలంతా అక్కడే తింటారు. అమ్మవారు ఉన్న ఇంట్లో పోపు పెట్టరు. నూనెలో ఆవాలు చిటపటలాడితే తల్లికి కోపం. ఇల్లు వేరైనా కప్పు ఒకటే కదా అని రామక్క మెస్సు మొత్తానికి పోపు బంద్ పెట్టేసింది. అది చాలక పొద్దునా సాయంత్రం గిన్నెడు పెరుగన్నం తెచ్చి గ్రిల్ ముందు పెట్టేది. ప్రసాదం పారెయ్యకూడదని రామచంద్రరావు తలుపు చాటున నిలబడి తినేసేవాడు.

గవర్నమెంటు కొలువు కోసం రెండేళ్ళుగా అన్నీ భరిస్తున్న కుర్రాళ్ళు కూడా పోపు లేని పప్పుని భరించలేకపోయారు. "అక్కా, గిది పప్పా, పేపర్లు అతికించే మైదాపిండా?" అని భానుప్రకాశ్ అనే అతను అడిగితే, "నోర్మూస్కొని తిను. తల్లి ఇంటది," అంది రామక్క.

అయితే ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. మంగళవారం మధ్యాహ్నం సుందరి తనంతట తనే అన్నం అడిగింది. కీమో మొదలైనప్పటి నుంచీ కింద నుంచి వచ్చే పోపు ఘాటుకి ఆవిడకి కడుపులో తిప్పేది. కిటికీ మూసినా వచ్చేది. ముద్ద నోట్లో పెట్టుకోకముందే వాంతి.

"ఏమైందండీ కింద? మెస్సు మూసేశారా? రెండ్రోజుల్నుంచి గాలి శుభ్రంగా ఉంది."

"ఏమో," అన్నాడు రామచంద్రరావు, చారు పోస్తూ.

ఆవిడ రెండోసారి వడ్డించుకుంది. ఆయన మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. తల్లికి తన మీద కోపం లేదనీ, పైగా ఎంతోకొంత ఇష్టం కూడా ఉందనీ అనుకున్నాడు.

బుధవారం సాయంత్రం డే కేర్ వార్డు నర్సు స్వరూప డ్యూటీ దిగి రామక్క మెస్సుకి వచ్చింది. ఆ సందులోనే లేడీస్ హాస్టల్లో ఉంటుంది. సుందరికి కీమో ఎక్కించేది ఆ అమ్మాయే. పళ్ళెంలో చప్పిడి పప్పు చూసి "ఇదేంది అక్కా?" అంది. "పైన సారుకు అమ్మవారు పోసింది బిడ్డా," అంది రామక్క. స్వరూప చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పైన ఉన్నదెవరో, రేపు వార్డుకి రావాల్సిందెవరో ఆ అమ్మాయికి తెలుసు. చెయ్యి కడుక్కుని, ముందు డాక్టరమ్మకి ఫోన్ చేసింది. తర్వాత సుందరికి చేసింది.

అప్పుడు రామచంద్రరావు మంచం పక్కన స్టూలు మీద బనీనుతో కూర్చుని బెండకాయలు తరుగుతున్నాడు. స్పీకర్లో స్వరూప గొంతు ఆయనకీ వినిపించింది.

"మేడం, సారుకు చికెన్‌పాక్స్ అంట గద? నాకొక్క మాట చెప్పకపోతిరి! మీకేమన్న జ్వరం ఉన్నదా? డాక్టరమ్మకు చెప్పిన. రేపు రావొద్దన్నరు. మీకు అంటుకుందా లేదా మూడు వారాలు చూడాలంట. వార్డుల వేరే పేషెంట్లు గూడ ఉంటరు గద మేడం."

"ఏ సారుకమ్మా?" అంది సుందరి.

"మీ సారుకే. గుమ్మానికి వేపకొమ్మలు గట్టిన్రంట గద."

సుందరి ఫోను ఒళ్ళో పెట్టుకుని భర్త వైపు తిరిగింది. "ఏవండీ, మీకు చికెన్‌పాక్సా?"

కత్తి బెండకాయ మధ్యలో ఆగింది. "నాకు కాదు సుందరీ," అన్నాడు. "గుమ్మానికి."

ఆవిడ అరిస్తే బాగుండేది. క్లాసులో అల్లరి పిల్లల్ని వణికించిన గొంతు ఆవిడది. అరవలేదు. జరిగిందంతా విని గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి, గోడతో చెప్తున్నట్టు, "మళ్ళీ వాయిదా," అంది.

రామచంద్రరావు బెండకాయల గిన్నె కింద పెట్టి చొక్కా వేసుకున్నాడు.

"ఎక్కడికి?"

"ఆస్పత్రికి. లేదని చెప్పొస్తాను."

"మీరా?" అంది సుందరి, ఇటు తిరగకుండానే.

మెట్లు దిగేసరికి మెస్సులో భోజనాలు నడుస్తున్నాయి. ఆయన్ని చూసి కుర్రాళ్ళంతా పళ్ళేలు ఎత్తుకుని గోడలకి అతుక్కుపోయారు. రామక్క గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"సారూ! తానం జెయ్యకుండ బయట తిరుగుతరా? పిల్లలకు పరీక్షలున్నయి!"

"రామక్కా, నాకు అమ్మవారు లేదు."

"లేదంటే? దిగిపోయిందా?"

"రాలేదు. వచ్చేవాళ్ళని ఆపలేక నేనే కట్టాను కొమ్మలు."

గోడ దగ్గర్నుంచి భానుప్రకాశ్ గొంతు వినిపించింది. "అక్కా, గట్లయితే రేపు పోపు పెడ్తవా?"

"ఆగు నువ్వు," అంది రామక్క. కోపం కంటే నొచ్చుకోవడం ఎక్కువ కనిపించింది ఆ మొహంలో. "తల్లి పేరు మీద ఆట జేస్తరా సారూ? నేను పొద్దుమాపు బువ్వ దెచ్చి మొక్కిన. అది గూడ మీరే తిన్నరా?"

"తిన్నాను," అన్నాడు తల దించుకుని.

గోడకి అతుక్కున్నవాళ్ళలో ఎవరో పుసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు.

"ఆవిడకి ఎవరి జలుబూ తగలకూడదన్నారు రామక్కా. పెద్దవాళ్ళు మెట్లెక్కి వస్తే రావొద్దని ఎలా అనను? తప్పే చేశాను. కానీ మీరు పోపు మానేశాక ఆవిడ రెండు పూటలా అన్నం తిన్నది. ఆ వాసనకి ఇన్నాళ్ళూ తిప్పేది."

రామక్క గరిటె దించింది. "గా ముక్క నాకెందుకు చెప్పలే?"

"మీ మెస్సులో పోపు వెయ్యొద్దని నేనెలా అడగను?"

"నోటితోని," అంది రామక్క. "అడిగితే ఆ పొయ్యి వెనక వాకిట్ల పెట్టుకోనా? మనుషుల్ని ఆపుమంటే మెట్ల కాడ నిలవడి ఆపకపోదునా? పోర్రి, ముందు దవాఖానకు పోర్రి. తల్లికి నేనే సల్లటి నీళ్ళు వోసి మొక్కుత, గా కొమ్మలు నేనే విప్పుత. మీరు ముట్టకుర్రి."

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇంకా ఉంది. ఫోన్ చేసిన స్వరూప కూడా భోజనం వదిలేసి అక్కడికే వచ్చింది. రామచంద్రరావు చెప్పింది విని డాక్టరమ్మ "చొక్కా తీయండి," అంది. తీశాడు. "బనీను కూడా." స్వరూప వంక చూసి కాస్త సందేహించి, తీశాడు. డాక్టరమ్మ టార్చి వేసి, వీపు మీద ఒకచోట ఆగింది.

"ఇవేమిటి మరి?"

ఆయన వీపు తడుముకోబోయాడు. "చెమటకాయలండీ! ఒట్టు! కొట్లో ఫ్యాను పాడైంది!"

డాక్టరమ్మ ఒక్కొక్కటీ నొక్కి చూసింది. నుదుటి మీద చిన్నప్పటి మచ్చ చూసింది. "ఒకసారి వచ్చిందన్నమాట. సరే. కొమ్మలు ఎందుకు కట్టారు?" చెప్పాడు. బనీను కింద అని బుగ్గమ్మతో అన్న సంగతి కూడా చెప్పాడు, ఇక దాచడానికి ఒంటి మీద ఏమీ లేదు కాబట్టి. స్వరూప గోడ వైపు తిరిగింది. ఆ అమ్మాయి భుజాలు కదులుతున్నాయి.

డాక్టరమ్మ నవ్వలేదు. "రావుగారూ, ఇది నవ్వే విషయం కాదు. ఈ జబ్బు నిజంగానే మీ ఇంట్లో ఉంటే ఆవిడ ప్రాణం మీదికి వచ్చేది. మా వార్డులో ఇంకో పదిమందికి కూడా. స్వరూప నాకు చెప్పడం వంద శాతం కరెక్టు. మీరు చేసింది తప్పు."

"అవునండీ."

"రేపు పొద్దున్నే తీసుకురండి. ఇద్దర్నీ మళ్ళీ చూస్తాను. రక్తం బాగుంటేనే ఎక్కిస్తాను. బాగోకపోతే నన్ను బతిమాలొద్దు."

"బతిమాలనండీ," అన్నాడు. అని, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "బాగుంటుందంటారా?" అని అడిగాడు.

గురువారం పొద్దున రక్తం ఇచ్చి, వరండాలో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. సుందరి నిన్న సాయంత్రం నుంచీ ఆయనతో మాట్లాడలేదు. మాస్కు, తలకి చుట్టుకున్న గళ్ళ స్కార్ఫు, ఆ రెంటి మధ్య కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్ళు ల్యాబ్ తలుపు మీద ఉన్నాయి. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా రామచంద్రరావు సగం లేచి కూర్చుంటున్నాడు.

చాలాసేపటికి ఆవిడ అంది. "బనీను కూడా తీయించారా?"

"ఆఁ."

"స్వరూప ముందరే?"

"ఆఁ."

"ఆ చిరుగుల బనీనేనా?"

రామచంద్రరావు చొక్కా కాలరు పైకి లాక్కున్నాడు. మాస్కు వెనక ఏదో శబ్దమైంది. దగ్గేమోనని ఆయన హడలిపోయి నీళ్ళ సీసా మూత తీశాడు. దగ్గు కాదు. సుందరి నవ్వుతోంది. నవ్వీ నవ్వీ ఆయాసం వచ్చి, ఆయన భుజం మీద తల ఆనించింది.

"పెళ్ళైనప్పటి నుంచీ చెప్తున్నాను, కొత్తవి కొనుక్కోండని," అంది. "నా కోసం ఊరందరి ముందూ పరువు తీసుకునేవాడు కనీసం మంచి బనీను వేసుకుని తీసుకోవాలి."

ల్యాబ్ తలుపు తెరుచుకుంది. స్వరూప చేతిలో కాగితం. ఇద్దరూ ఒకేసారి లేచారు.

"కణాలు పెరిగినయ్ మేడం," అంది స్వరూప. "మరీ ఎక్కువేం లేవు గానీ, సరిపోతయన్నరు డాక్టరమ్మ. రండి, బెడ్డు రెడీ చేసిన. సారూ, మీరు బయటనే ఉండాలె."

లోపలికి వెళ్ళేముందు సుందరి ఆయన వంక చూసింది. చెప్పులు విప్పి ఆయన చేతికిచ్చింది.

గాజు తలుపు అవతల మంచం కనిపిస్తోంది. సూది గుచ్చారు. సీసాలోంచి మందు చుక్క పడింది. ఇంకొకటి పడింది. రామచంద్రరావు చెప్పులు పట్టుకుని అలాగే నిలబడి చూస్తున్నాడు. రాత్రికి జ్వరం రావచ్చు. వచ్చేవారం కణాలు మళ్ళీ పడిపోవచ్చు. పడిపోతే ఏం చెయ్యాలో డాక్టరమ్మ రాసిచ్చింది. అవన్నీ తర్వాత.

ఉన్నట్టుండి సుందరి చెయ్యెత్తి ఆయన వైపు చూస్తూ, తన గుండె మీద వేలితో పొడిచి పొడిచి చూపించింది. మళ్ళీ చూపించింది, ఈసారి గట్టిగా. రామచంద్రరావుకి పైప్రాణాలు పైనే పోయాయి. చెప్పులతో సహా తలుపు మీద పడ్డాడు. "అమ్మా స్వరూపా! గుండె! ఆవిడకి గుండెలో ఏదో..."

స్వరూప లోపలికి పరుగెత్తి, సుందరి మీదికి వంగి, ఏదో విని, పెదవి కొరుక్కుంటూ బయటికి వచ్చింది.

"మేడంకు ఏం కాలేదు సారూ. మీ చొక్కా గుండీలు ఒకటి దాటేసి పెట్టుకున్నరంట. పొద్దున్నుంచి చెప్దామనుకుంటున్నరంట. సరిగ్గ పెట్టుకోమంటున్నరు."

బెంచీ మీద ఉన్నవాళ్ళంతా ఆయన చొక్కా వంక చూశారు. రామచంద్రరావు చెప్పులు చంకలో పెట్టుకుని, పై నుంచి ఒక్కొక్క గుండీ విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. చివరి గుండీ పెట్టి తలెత్తేసరికి సుందరి కళ్ళు మూసుకుంది. సీసాలో మందు తీరిగ్గా దిగుతోంది.